నవ్వి ఊరుకున్న ప్రశ్న

సర్క్యూట్ బోర్డుకి కరెంటు తీసేశాక కూడా దాని మూలనున్న పచ్చ లైటు ఆరలేదు. పూర్తిగా వెలగనూ లేదు. నిద్రమత్తులో ఉన్న కన్నులా సగం తెరుచుకుని అలాగే ఉండిపోయింది.

"చూశారా అక్కా," అంది ల్యాబ్ పిల్ల, పీకేసిన ప్లగ్గుని ఎత్తి చూపిస్తూ. "ఇదిగో, ఇది నా చేతిలోనే ఉంది. దయ్యం పట్టిందేమో అనుకున్నాను. ఒక్కదానికైతే సరే, అన్ని బోర్డులూ ఇదే వరస."

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుని, బోర్డు నుంచి పాతరకం స్క్రీన్‌కి వెళ్తున్న కేబుల్‌ని రెండు వేళ్ళతో పట్టుకుని మెల్లగా ఊడదీసింది. లైటు ఆరిపోయింది. మళ్ళీ గుచ్చింది. మళ్ళీ మసగ్గా వెలిగింది. చిప్ మీద వేలు ఆనించి, చప్పున తీసేసింది.

"కాలుతోందా?"

"కాలుతోంది."

"నిన్న రెండు చిప్‌లు చచ్చిపోయాయి అక్కా. నేనే ఏదో తప్పుగా కలిపానేమోనని ఎవరికీ చెప్పలేదు. నా మీదికొస్తుందని భయం."

"నీ తప్పేం లేదు."

ఆ మాట అంటున్నప్పుడే ఆమెకి అంతా తెలిసిపోయింది. చిప్ లోపలి ట్రాన్స్‌మిటర్ గీసింది ఆమే. కంప్యూటర్‌లోని బొమ్మను వైరు మీద స్క్రీన్‌కి పంపించే సర్క్యూట్ అది. స్క్రీన్లు రెండు రకాలు. పాతరకం స్క్రీన్ వైరు మీది వోల్టేజీని తనే పైకి ఎత్తి పట్టుకుని ఉంటుంది. పంపేవాడు చెయ్యాల్సిందల్లా కిందికి లాగడం, వదిలెయ్యడం. కొత్తరకానికి అంత ఓపిక లేదు. ఎత్తడం, దించడం అంతా పంపేవాడే చూసుకోవాలి. ఇన్నాళ్ళూ రెండింటికీ రెండు వేరువేరు సర్క్యూట్లు పెట్టేవారు. ఆమె రెండు కాపురాల్నీ ఒకే గదిలో సర్దింది. ఏ స్క్రీన్ తగిలితే సర్క్యూట్ ఆ పద్ధతిలోకి మారుతుంది. పాత పద్ధతిలో ఉన్నంతసేపూ, వైరుని పైకెత్తే ట్రాన్సిస్టర్లకి పనుండదు. ఊరికే కూర్చుంటాయి. చిప్ మీద బోలెడంత చోటు మిగిల్చిందని పై ఆఫీసు నుంచి మెచ్చుకోళ్ళు కూడా వచ్చాయి.

ఊరికే కూర్చున్నాయనుకున్న ఆ ట్రాన్సిస్టర్లే ఇప్పుడు దొంగదారి అయ్యాయి. ఇవతల బోర్డుకి కరెంటు ఆపేసినా అవతల స్క్రీన్ మేలుకునే ఉంటుంది. వైరుని ఎత్తి పట్టుకునే ఉంటుంది. ఆ కరెంటు వైరు వెంట వెనక్కి నడిచొచ్చి, పని లేని ట్రాన్సిస్టర్ల అడుగు నుంచి దూరి, చిప్ ఒళ్ళంతా పాకుతోంది.

"ఇది ముందే ఎవరికీ తట్టలేదా అక్కా?" అని ల్యాబ్ పిల్ల మామూలుగానే అడిగింది.

తట్టింది. అనుమానం బాబాయ్‌కి తట్టింది.

ఆఫీసులో ఎవరు గీసిన సర్క్యూట్ అయినా తయారీకి వెళ్ళేముందు ఆయన చేతిలోంచే పోవాలి. తప్పులు వెతకడమే ఆయన ఉద్యోగం. టీ కప్పు అందించినా ఒకసారి అడుగు భాగం చూసి గానీ తాగడని అందరూ కలిసి ఆ పేరు పెట్టారు. ఆమె సర్క్యూట్‌ని ఆఖరిసారి అందరి ముందూ పరిచి చూసిన రోజు, ఆయన ఎప్పటిలాగే కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, "మరి మన వైపు కరెంటు లేనప్పుడో?" అన్నాడు.

"కరెంటే లేనప్పుడు ఇంక మాటలెక్కడివి బాబాయ్? గుర్రు పెట్టేవాడితో కబుర్లేమిటి?" అంది ఆమె.

గది గదంతా నవ్వింది. మేనేజరు బల్ల చరిచి మరీ నవ్వాడు. బాబాయ్ కూడా నవ్వేసి, కళ్ళజోడు దించుకుని, పేజీ తిప్పేశాడు.

తెలియక అన్న మాటైతే ఎంత బాగుండేది! ఆ వెనక్కొచ్చే కరెంటుని ఆపడానికి ఓ చిన్న సర్క్యూట్ ఆమె మొదట్లో గీసింది కూడా. ఎటువైపు వోల్టేజీ ఎక్కువుంటే ఆ ట్రాన్సిస్టర్ల అడుగుని అటువైపు కట్టేసే సర్క్యూట్. అది బాగా చోటు తింటోందని, మిగిల్చిన చోటంతా దానికే పోతుందని, ఒకరోజు తీసి పక్కన పెట్టింది. తర్వాత చూద్దామనుకుంది. బాబాయ్ అడిగేసరికి ఆ ‘తర్వాత’ అనేది ఎదురుగా వచ్చి నిలబడింది. అప్పుడే ఆ వేళాకోళం నోటికొచ్చింది.

*

మేనేజర్ని అందరూ చాటుగా గడువుగారు అంటారు. ఏ మాట చెప్పినా చివరికి ఆయన అడిగేది ఎప్పటికవుతుందనే. ఆ రోజు మాత్రం అది అడిగేముందు ఇంకోటి అడిగాడు.

"కరెంటు ఆపేసిన పరిస్థితిని ఎవరు చూడాలి?"

గదిలో ఉన్నది నలుగురే. ల్యాబ్ పిల్ల తన చేతుల వంక చూసుకుంటోంది. చెప్పేద్దామని ఆమె గొంతు సవరించుకుంది.

"నేనే చూడాలి," అన్నాడు బాబాయ్. "నాకు తట్టలేదు."

"తట్టలేదంటే? మీరు కూర్చుంది అందుకేగా!"

"అందుకే. తప్పిపోయింది."

ఆయన ఆమె వైపు చూడలేదు. కావాలని చూడకుండా ఉన్నట్టు కూడా లేదు. కిటికీ అద్దం మీద ఎండ పడుతుంటే తెర దగ్గరికి లాగి, మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. నన్ను కాపాడుతున్నాడు అనుకుంది ఆమె. నోరు తెరిచింది.

సరిగ్గా అప్పుడే మేనేజరు ఆమె వైపు తిరిగాడు. "సరే, అయిందేదో అయింది. దీన్ని బాగుచెయ్యగలమా? ఎప్పటికవుతుంది?"

ఏ మాట కోసం నోరు తెరిచిందో ఆ మాట రాలేదు. ఆయన అడిగినదానికి జవాబు మాత్రం తడబాటన్నది లేకుండా వచ్చింది. లేచి గోడ మీది తెల్లబోర్డు దగ్గరికి వెళ్ళి, ట్రాన్సిస్టర్లు గీసి, వాటి అడుగుని ఎక్కడ విడదీయాలో, ఎటు కట్టాలో గీతలు గీసి చూపించింది. చోటు ఎక్కడ సర్దుకోవచ్చో చెప్పింది. అడిగినవాటికి జవాబులిచ్చింది. తను ఇంత బాగా మాట్లాడగలదని ఆమెకే తెలియదు. అంతా అయ్యాక మేనేజరు, "శభాష్, ఇదీ పనంటే!" అన్నాడు. బాబాయ్ కూడా తలాడించాడు.



*

"మొహం అలా వేలాడేశావేం? ఆఫీసులో ఎవరైనా పోయారా?" అంది అత్తయ్య, మెట్ల మీదే.

భర్త పనిమీద వేరే ఊళ్ళో ఉన్నాడు. ఇంట్లో ఇద్దరే. ఎవరు బయటికి వెళ్ళినా వాళ్ళ అడుగుల చప్పుడు వినబడకుండా పోయేదాకా అత్తయ్య మెట్ల దగ్గర నిలబడుతుంది. ఎవరు వచ్చే వేళకైనా ముందే వచ్చి నిలబడుతుంది. ఎందుకు అత్తయ్యా కాళ్ళు పీక్కుపోయేలా అంటే, "మీ మామయ్య వెళ్ళిన రోజు పాలు పొంగుతున్నాయని చూడకుండా తలుపేసుకున్నాను. ఆ పాలు ఎవరు తాగారో కూడా గుర్తులేదు," అంటుంది. ఆయన ఆ రోజు తిరిగి రాలేదు.

అన్నం ముందు కూర్చుని ఆమె జరిగింది చెప్పింది. ట్రాన్సిస్టర్ల గొడవ వదిలేసి, ప్రశ్నా జవాబూ నవ్వూ మాత్రం చెప్పింది. తను ముందే గీసి తీసేసిన సంగతి చెప్పలేదు. చెప్పడం లేదని తెలుస్తూనే ఉంది.

"అయితే ఆ పెద్దాయన నీ తప్పు నెత్తినేసుకున్నాడన్నమాట."

"అదే కదా! రేపోమాపో పై ఆఫీసు డైరెక్టరుతో మీటింగుంది. అందరి ముందూ చెప్పేస్తాను. బాబాయ్ అడిగాడు, నేనే కొట్టిపారేశానని."

"ఆయనకి చెప్పావా?"

"ఏమని?"

"అలా చెప్పబోతున్నానని. ఆయన గురించేగా చెప్పేది!"

"మంచేగా అత్తయ్యా చేస్తోంది. దానికి అనుమతి ఎందుకు?"

"మంచో చెడో నాకేం తెలుసు తల్లీ. ఆయన్ని ఒక్క మాట అడిగితే నీ సొమ్మేం పోయింది?" అని మజ్జిగ గిన్నె జరిపింది అత్తయ్య. "సరేలే, ముందు తిను. చల్లారిపోతోంది."

ఆమె తిన్నది. ఆకలిగానే ఉంది. అలా ఆకలేయడం కూడా బాగోలేదనిపించింది.

*

మర్నాడు బాబాయ్ బల్ల మీద అట్టపెట్టె కనబడింది. ఆయన సొరుగులోంచి ఒక్కొక్కటే తీసి, చూసి, పెట్టెలోనో చెత్తబుట్టలోనో వేస్తున్నాడు.

"వారం చివరికల్లా ఖాళీ చెయ్యమన్నారమ్మా. గడువుగారు పెట్టిన ఆఖరి గడువు. ఇదైనా తప్పకుండా అందుకోవాలి కదా!" అని నవ్వాడు.

ఆమె నవ్వలేకపోయింది.

"అలా చూడకు. ఇంకోచోట మాట్లాడుకున్నాను. చిన్న కంపెనీయే. వాళ్ళకీ ఓ అనుమానాలవాడు కావాలట. ఇక్కడివాళ్ళని ఒకమాట అడిగి చెప్తామన్నారు. ఏం అడుగుతారు, ఒక పరిస్థితి తప్పిపోయిందంటారు. తప్పనివాడెవడు?" అంటూ ఒక పాత పెన్ను కాగితం మీద గీసి చూశాడు. రాయలేదు. అయినా చెత్తబుట్టలో వెయ్యకుండా జేబులో పెట్టుకున్నాడు. "మా ఆవిడే నమ్మడం లేదు. నువ్వు తప్పు చూసుకోకపోవడం ఏమిటి, అన్నంలో రాయి నాకంటే ముందు నీకే కనబడుతుంది కదా అంటుంది."

"బాబాయ్..."

"ఊఁ?"

ఇక్కడ అడిగెయ్యచ్చు అనుకుంది ఆమె. పక్క బల్లల దగ్గర మనుషులున్నారు. ఇక్కడ అడిగితే వద్దంటాడు. వద్దంటే తనూ ఊరుకుంటుంది. ఊరుకోవడం తనకి ఎంత తేలికో నిన్ననే చూసింది.

"ఏం లేదు. భోజనానికి వెళ్దామా?"

"పద. నీ డబ్బాలో కూరేమిటో చూసి గానీ రాను మరి," అన్నాడు అనుమానం బాబాయ్.

*

డైరెక్టరు గోడ మీది తెరలోంచి మాట్లాడింది. నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. మాటలు కూడా అలాగే ఉన్నాయి. మేనేజరు జరిగినదంతా చెప్పాడు. పరిశీలనలో ఒక పరిస్థితి తప్పిపోయిందనీ, బాధ్యులపై చర్య తీసుకున్నామనీ, బాగుచేసే పని మొదలైందనీ.

"ఒక్క నిమిషం మేడమ్," అంది ఆమె.

లేచి నిలబడింది, బళ్ళో పిల్లలా.

"పరిశీలనలో తప్పిపోలేదు. ఆయన అడిగారు. కరెంటు లేనప్పుడు ఏమవుతుందని ఈ గదిలోనే అడిగారు. నేను వేళాకోళం చేసి కొట్టిపారేశాను. అందరం నవ్వాం. ఆయన పొరపాటేం లేదు. నాదే."

చెప్పేశాక ఒళ్ళు తేలికైంది. ఎన్నాళ్ళకో ఊపిరి అడుగు దాకా వెళ్ళినట్టుంది. ఆ తేలికలోనే బాబాయ్ వైపు చూసింది.

ఆయన మొహంలో రంగు లేదు.

"నిజమేనా?" అంది డైరెక్టరు, తెరలోంచి ఆయన్ని వెతుక్కుంటూ. "మీరు ఆ సమస్యని ముందే గుర్తించారా? గుర్తించి, వదిలేశారా?"

బాబాయ్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. మళ్ళీ తీసి పెట్టుకున్నాడు.

"నాకు గుర్తులేదు మేడమ్," అన్నాడు.

"మీకో?" అని మేనేజర్ని అడిగింది.

"ఆ రోజు చాలా విషయాలు మాట్లాడుకున్నాం మేడమ్. ఇది ప్రత్యేకంగా... నాకూ గుర్తులేదు," అన్నాడు బల్ల చరిచినాయన.

తెరలో డైరెక్టరు ఏదో రాసుకుంది. "సరే, తర్వాతి అంశం," అంది.

*

లిఫ్ట్ దగ్గర ఆమె ఆయన్ని అందుకుంది. చంకలో అట్టపెట్టె ఉంది. వారం చివరిదాకా ఆగడం లేదన్నమాట.

"ఎందుకలా చెప్పారు బాబాయ్? గుర్తులేదంటారేమిటి! మీ ఉద్యోగం నిలబడేదిగా!"

"నిలబడేదా?" ఆయన పెట్టెని ఒక చంక నుంచి రెండో చంకకి మార్చుకున్నాడు. గొంతు పెంచలేదు. "తట్టలేదంటే మనిషన్నాక తట్టదులే అంటారు. ఇంకోచోట పని దొరుకుతుంది. తట్టింది, అడిగాడు, నలుగురు నవ్వేసరికి సిగ్గుపడి పేజీ తిప్పేశాడంటే? అలాంటివాణ్ణి తప్పులు వెతకడానికి ఎవరు పెట్టుకుంటారమ్మా? కుక్కని పెంచేది అరవడానికి. ఛీ అంటే మంచం కింద దూరేదాన్ని ఎవరు పెంచుకుంటారు?"

ఆయన లిఫ్ట్ తలుపు వైపు తిరిగాడు.

"మొన్న మీటింగులో నువ్వు గొంతు సవరించుకున్నావు చూడు, అప్పుడు చచ్చేంత భయమేసింది నాకు. చెప్పేస్తుందేమో బాబోయ్ అని. అందుకే నేనే ముందు అందుకున్నాను. నువ్వు చెప్పకుండా వేరే మాటలోకి వెళ్ళేసరికి హమ్మయ్య అనుకున్నాను. నిజంగా. ఇంటికెళ్ళి సుఖంగా నిద్రపోయాను."

"నేను... మీరు నన్ను కాపాడుతున్నారనుకున్నాను."

"నన్ను నేను కాపాడుకుంటున్నాను తల్లీ." లిఫ్ట్ మీట నొక్కాడు. "ఒక్క మాట నన్ను అడగాల్సింది. నీ గుండె బరువు దించుకోవడానికి నా నెత్తి తప్ప ఇంకేం కనబడలేదా?"

లిఫ్ట్ ఏ అంతస్తులో ఆగిందో, రావడం లేదు. ఇద్దరూ మూసిన తలుపు వంక చూస్తూ నిలబడ్డారు. కాసేపటికి ఆయనే అడిగాడు, తలుపునే చూస్తూ.

"ఒకటి చెప్పు. ఆ రోజు నీకు నిజంగా తోచలేదా? ఊరికే నవ్వావా?"

అత్తయ్యకీ డైరెక్టరుకీ చెప్పకుండా దాటేసిన మాట అది. నిజం చెప్పేశానని ఇంతసేపూ అనుకున్న మనిషి దగ్గర ఇంకా ఇంత నిజం మిగిలే ఉంది.

"తోచింది బాబాయ్. మీకంటే ముందే తోచింది. దాన్ని ఆపే సర్క్యూట్ గీశాను కూడా. చోటు సరిపోవడం లేదని తీసేశాను. మీరు అడగ్గానే... దొరికిపోయాననిపించింది. అందుకే నవ్వించాను."

బాబాయ్ తల తిప్పి మొదటిసారి ఆమెని చూశాడు. కోప్పడతాడనుకుంది. తిట్టినా బాగుండేది.

"అంటే నేను అడిగింది సరైన ప్రశ్నేనన్నమాట," అన్నాడు మెల్లగా. "నేను ఇన్నాళ్ళూ అనుకుంటున్నాను, పిచ్చి ప్రశ్న అడిగి నవ్వులపాలయ్యానని. వయసు మీద పడిందని. ఆ తర్వాత చాలా చోట్ల నోటిదాకా వచ్చినవి కూడా అడగకుండా మింగేశాను."

లిఫ్ట్ వచ్చింది. లోపలికి వెళ్ళి, పెట్టెని గోడకి ఆనించుకుని నిలబడ్డాడు. ఆమె ఏదో అనబోయింది. "వద్దులే," అన్నట్టు తలాడించాడు. తలుపు మూసుకునేటప్పుడు ఆయన కళ్ళు ఆమె మీద లేవు. పైన మారే అంకెల మీద ఉన్నాయి.

అంకెలు ఒకటి దాకా దిగేవరకూ ఆమె అక్కడే నిలబడింది.

*

తర్వాతి వారం బాగుచేసిన సర్క్యూట్ తయారైంది. పరిశీలించడానికి కొత్త మనిషి దొరికేదాకా ఆ పని ల్యాబ్ పిల్లకి అప్పజెప్పాడు మేనేజరు. ఆ పిల్ల మధ్యాహ్నానికల్లా కాగితాలన్నీ వరసగా టిక్కులు కొట్టుకుని, సంతోషంగా ఆమె బల్ల దగ్గరికొచ్చింది.

"అయిపోయింది అక్కా! అన్నీ సరిగ్గా ఉన్నాయి."

"అన్నీనా?"

"అన్నీ. ఒక్క అనుమానం కూడా లేదు." ఆ మాట అన్నాక నాలిక్కరుచుకుంది. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "బాబాయ్‌కి ఆ ఇంకోచోటు కుదరలేదటగా అక్కా. వాళ్ళు మనవాళ్ళని అడిగారట. ఇక్కడ ఎవరో చెప్పారట... తప్పు పట్టుకుని కూడా వదిలేస్తాడని."

ఎవరో ఏమిటి. ఆ గదిలో ఆ మాట పుట్టించింది తనే. ఆమె పిల్ల చేతిలోని కాగితాలు అందుకుని బల్ల మీద పెట్టి, అంచులు సమానంగా చేసింది. అవి సమానంగానే ఉన్నాయి. అయినా మళ్ళీ చేసింది.

"ఎక్కడుంటున్నాడో తెలుసా?"

"ఇల్లు తెలుసు. ఫోన్ మాత్రం ఎత్తడం లేదట, ఎవరిదీ."

తనది కూడా ఎత్తడం లేదని ఆమె చెప్పలేదు.

"సంతకం పెట్టెయ్యనా అక్కా? గడువుగారు రెండుసార్లు తొంగిచూసి వెళ్ళారు."

"నువ్వు నన్నేమీ అడగలేదు," అంది ఆమె.

"మీరు గీసిందేగా! మీకు తెలియనిది నాకేం తెలుస్తుంది?"

ఆమె లేచి పక్క కుర్చీ లాగి తన కుర్చీకి దగ్గరగా వేసింది. "కూర్చో. మొదటి పేజీ నుంచి. ఏది తోస్తే అది అడుగు."

పిల్ల కూర్చుంది. కాగితాలు తిప్పింది. మధ్యమధ్య తలెత్తి ఆమె మొహం చూస్తోంది. చాలాసేపటికి, వేలితో ఓ మూల చూపిస్తూ, "నవ్వకూడదు మరి," అంది. "పాత స్క్రీన్ తగిలి ఉండగానే ఎవరైనా కేబుల్ ఊడదీసి, వెంటనే కొత్త స్క్రీన్‌కి గుచ్చితే? ఇది ఇంకా పాత పద్ధతిలోనే ఉన్నాననుకుంటుందా?"

అనుకోదు. ఆ సంగతి ఆమె ఎప్పుడో చూసింది. దానికి జవాబు ఒక్క వాక్యం. ఆ వాక్యం అప్పటికే నోట్లో ఉంది, చివర చిన్న నవ్వుతో సహా.

ఆమె దాన్ని మింగేసి కంప్యూటర్ తన వైపు తిప్పుకుంది. "చూద్దాం," అంది.

కేబుల్ ఊడదీసినట్టు, గుచ్చినట్టు అన్ని రకాలుగానూ పెట్టి నడిపారు. మెల్లగా ఊడదీస్తే ఒకసారి, సగం ఊడి సగం తగులుతుంటే ఒకసారి. మేనేజరు వచ్చి తలుపు దగ్గర నిలబడి, "ఇంకా ఎంతసేపు?" అన్నాడు. ఆమె తలెత్తకుండా, "తెలియదు సార్," అంది. ఆయన కాసేపు నిలబడి వెళ్ళిపోయాడు. కిటికీలో ఎండ పసుపురంగుకి తిరిగింది. ఎన్ని రకాలుగా చూసినా ఏ తేడా రాలేదు. సర్క్యూట్ బాగానే ఉంది.

పిల్ల మొహం చిన్నదైపోయింది. "అనవసరంగా పూటంతా తినేశాను అక్కా. సారీ. పిచ్చి ప్రశ్న."

"సారీ చెప్పకు," అంది ఆమె. తెర వంకే చూస్తూ పేజీ తిప్పింది. "ఇంకోటి అడుగు."